టక్కుమందా, లొడలొడలాడిందా?

కారులో ఏదో సౌండ్ వస్తుంటుంది. మెకానిక్‌ని పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు వీధులు తిప్పితే మాత్రం కిక్కురుమనదు. ఆయన దిగిపోయి మనం మెయిన్ రోడ్డెక్కగానే మళ్లీ మొదలు. సాఫ్ట్‌వేర్‌లో మేం రోజూ పడే బాధే ఇది. కస్టమర్ దగ్గర క్రాష్ అవుతుంది, మా లాప్‌టాప్‌లో శుభ్రంగా నడుస్తుంది. అప్పుడు కోడ్ విప్పి కూర్చుంటే లాభం లేదు. ఏం చేస్తుంటే వచ్చింది, ఎప్పుడు వచ్చింది, మళ్లీ రప్పించగలవా అని ముందు అడుగుతాం. కారుకీ ఇదే పద్ధతి. కావాలనుకున్నప్పుడు రప్పించగలిగిన సౌండ్ సగం దొరికినట్టే.

ఈ కాలమ్ చదివేవాళ్లలో చాలామంది సెకండ్‌హ్యాండ్ కారు కొన్నవాళ్లే. ఏడెనిమిదేళ్ల బండి, అరవై డెబ్భై వేల కిలోమీటర్లు. దానికి కింద నుంచి టక్ టక్ మొదలవగానే మనవాళ్లు రెండే పనులు చేస్తారు. పాటల వాల్యూమ్ పెంచుతారు. లేదా సర్వీస్ సెంటర్‌కి వెళ్లి, వాళ్లిచ్చిన ఎస్టిమేట్ చూసి గుటకలు మింగుతారు. మధ్యలో మూడో పని ఒకటుంది. దానికి ఓ ఆదివారం పొద్దున, ఒక ఫ్రెండు, ఒక ఫోను చాలు.

ముందు డిక్కీ ఖాళీ చేయండి. నవ్వకండి, నిజంగానే చెబుతున్నా. వదులుగా ఉన్న జాకీ, సరిగ్గా బిగించని స్టెప్నీ, టామీ రాడ్డు, వెనక సీటు కింద దొర్లే వాటర్ బాటిల్, ఖాళీ సీటుకి కొట్టుకునే బెల్టు బకిల్, ఒక స్క్రూ ఊడిన నంబర్ ప్లేటు... వీటిలో ఏదైనా సరే సస్పెన్షన్ పోయిందేమో అనిపించేంత గోల చేయగలదు. అన్నీ తీసి ఇంట్లో పెట్టి ఒక రోజు తిరిగి చూడండి. అలాగే టైర్లలో గాలి. డ్రైవర్ డోర్ తెరిస్తే చాలా కార్లకి ఆ ఫ్రేమ్ మీదే స్టిక్కర్ ఉంటుంది, ఎంత పట్టాలో అందులో రాసి ఉంటుంది. గాలి కొట్టే కుర్రాడు అన్ని బళ్లకీ ఒకే నంబర్ కొట్టేస్తాడు. గాలి ఎక్కువైతే చిన్న రాయి ఎక్కినా దడ్‌మంటుంది, దానికి సస్పెన్షన్‌ని తిట్టి లాభం లేదు.

ఇక ఫోన్ తీయండి. డ్రైవ్ చేసేవాళ్లు కాదు సుమా, పక్కనున్నవాళ్లు. రికార్డర్ ఆన్ చేసి, సౌండ్ వచ్చినప్పుడల్లా నోటితో చెబుతుండాలి: "ఇరవై స్పీడు, ఎడమ చక్రం గుంతలో పడింది, టక్ మంది." "బ్రేక్ కొట్టాం, ఏం రాలేదు." పది నిమిషాలు ఇలా చేస్తే మీ చేతిలో ఒక లాగ్ ఫైల్ ఉన్నట్టే. ఫ్రెండు ఒకసారి ముందు సీట్లో, ఒకసారి వెనక సీట్లో కూర్చోవాలి. కారు బాడీ అంతా ఒకే రేకు డబ్బా, సౌండ్ దాని వెంట పాకుతుంది. కుడి చక్రం దగ్గర పుట్టింది మీ ఎడమ కాలి కింద వినబడొచ్చు. కాబట్టి మీ చెవి చెప్పిన దిక్కుని సగమే నమ్మండి. కిటికీలు దించి, పొడవాటి ప్రహరీ గోడ పక్కగా నెమ్మదిగా పోనిచ్చారంటే బయటి సౌండ్ గోడకి తగిలి మీ వైపే తిరిగొస్తుంది. ఏ వైపు చక్రమో తేల్చుకోవడానికి ఇదో మంచి చిట్కా.

కింద ఏముందో రెండు ముక్కల్లో. మన చిన్న కార్లన్నింటికీ దాదాపు ముందు వైపు ఉండేది మెక్‌ఫర్సన్ స్ట్రట్. ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికన్ ఇంజనీర్ 1940ల్లో రూపం ఇచ్చిన ఏర్పాటు ఇది. షాక్ అబ్జార్బరూ (షెడ్డు భాషలో షాకరు), దాని చుట్టూ స్ప్రింగూ కలిపి ఒకే స్తంభంలా నిలబడతాయి. పైన బానెట్ కింద ఒక రబ్బరు మౌంటు, అందులో బేరింగు. స్టీరింగ్ తిప్పితే స్తంభం మొత్తం ఆ బేరింగు మీదే తిరుగుతుంది. కింద చక్రాన్ని పట్టి ఉంచేది లోయర్ ఆర్మ్. దాని ఒక చివర రబ్బరు బుష్‌లతో బాడీకి, రెండో చివర బాల్ జాయింటుతో చక్రానికి. ఇవి కాక, ఎడమ చక్రాన్నీ కుడి చక్రాన్నీ కలుపుతూ అడ్డంగా ఒక ఉక్కు కడ్డీ ఉంటుంది. మలుపులో కారు పక్కకి ఒరిగిపోకుండా ఆపేది అదే. ఆ కడ్డీ చివరల్ని రెండు వైపులా స్తంభాలకి కలిపే చిన్న ముక్కలే లింక్ రాడ్లు. వెనక వైపు చాలా బళ్లలో ఇంత హడావుడి ఉండదు.

ఇప్పుడు అసలు సంగతి. సౌండ్లకి మాటలు వెతుక్కోవాల్సిన అవసరం తెలుగువాళ్లకి లేదు. టక్, దడ్, లొడలొడ, కిర్రు, కటకట, ఊఁ... పుట్టినప్పటి నుంచి వాడుతున్నవే. మెకానిక్ దగ్గర "ఏదో నాయిస్ వస్తోందండీ" అని మర్యాదగా చెప్పేకంటే నోటితో ఆ చప్పుడు చేసి చూపించండి. ఆయనకి అదే పనికొస్తుంది.

చిన్న చిన్న గతుకుల మీద, నెమ్మదిగా పోతున్నప్పుడు టక టక, లొడలొడ అంటోందా? మొదటి అనుమానం లింక్ రాడ్ మీదే. దీన్ని పట్టుకోవడానికి ఒక లాజిక్ ఉంది, అర్థమైతే మళ్లీ మర్చిపోరు. స్పీడ్ బ్రేకర్‌ని నిటారుగా ఎక్కితే రెండు ముందు చక్రాలూ ఒకేసారి లేస్తాయి. అప్పుడు ఆ అడ్డకడ్డీ రెండు చివరలూ కలిసి పైకి పోతాయి, మెలి పడదు, లింక్ రాడ్ మీద పెద్దగా బరువు పడదు. అదే ఒక చక్రం మాత్రమే గుంతలో పడితే కడ్డీ మెలి తిరుగుతుంది, లింక్ రాడ్ అటూ ఇటూ గుంజుకుంటుంది. దాని చివరి జాయింటు అరిగి ఉంటే అప్పుడే టక్‌మంటుంది. కాబట్టి ఒకే బ్రేకర్‌ని రెండు రకాలుగా దాటి చూడండి. ఒకసారి నిటారుగా, ఒకసారి ఐమూలగా. నిటారుగా దాటితే సైలెంటు, ఐమూలగా దాటితే టక్ టక్. ఇలా వచ్చిందంటే అనుమానం లింక్ రాడ్ల మీదికీ, ఆ కడ్డీని బాడీకి పట్టి ఉంచే బుష్‌ల మీదికీ మళ్లించండి. ధరలో ఇది వందల బేరం. షాకర్ అయితే వేలు.

బ్రేకర్ అన్నాను కదా, మన కాలనీ బ్రేకర్లతో జాగ్రత్త. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాల ప్రకారం గుండ్రటి బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. 25 కిలోమీటర్ల స్పీడులో హాయిగా దాటేలా అన్నమాట. మన సందుల్లో ఉన్నవి ఎవరింటి స్లాబ్ వేయగా మిగిలిన కాంక్రీటుతో వాళ్లు పోసుకున్నవి. అడుగున్నర వెడల్పు, గోడలాంటి ఎత్తు. వాటి మీద కొత్త కారు కూడా దడ్‌మనే అంటుంది. టెస్టుకి కాస్త మర్యాదగల బ్రేకర్ చూసుకోండి.

మర్యాదగల బ్రేకర్‌ని నెమ్మదిగా నిటారుగా దాటినా దిగేటప్పుడు దడ్ అని లోతుగా వస్తే అప్పుడు షాకరు, పైన మౌంటు, లోపలి రబ్బరు స్టాపరు. ఒక విషయం చెప్పాలి, అరిగిపోయిన షాకరు చాలాసార్లు చప్పుడే చేయదు. బ్రేక్ కొడితే ముక్కు నేలకి వంగడం, హైవే మీద చిన్న ఎత్తుపల్లానికి పడవలా ఊగడం దాని గుర్తులు. బానెట్ మూల మీద గట్టిగా నొక్కి వదిలితే ఒకసారి లేచి కుదురుకోవాలి. రెండు మూడు సార్లు ఊగిందంటే అయిపోయినట్టే. షాకర్ ఒంటి మీద నూనె కారి మట్టి పేరుకుందేమో కూడా చూడండి. లేత తడి మరక ఉంటే కంగారొద్దు, ధారగా కారితేనే.

బ్రేక్ వేసి ఆగేటప్పుడు ఒక డబ్, రివర్స్ తీసి మళ్లీ బ్రేక్ వేస్తే ఇంకో డబ్ వస్తే లోయర్ ఆర్మ్ బుష్‌లు. రబ్బరు చిరిగితే చక్రం ముందుకీ వెనక్కీ కొంచెం జరుగుతుంది, ఆ జరుగుడు చప్పుడే అది. ఇంజన్ మౌంట్ పోయినా అచ్చం ఇలాగే ఉంటుంది. తేడా ఏంటంటే, అది బ్రేక్‌తో పెద్దగా పని లేకుండా క్లచ్ వదిలినప్పుడు, గేర్ మార్చినప్పుడు, యాక్సిలరేటర్ నొక్కి వదిలినప్పుడు వస్తుంది.

అపార్టుమెంటు సెల్లార్‌లో బండి నిలబెట్టి స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పితే టంగ్‌మని తీగ మీటినట్టు వస్తోందా? పైన మౌంటులోని బేరింగ్ బిగుసుకుపోయింది. స్తంభంతో పాటు తిరగాల్సిన స్ప్రింగు అక్కడ ఆగి, మెలి పడి, ఒక్కసారిగా జారుతుంది. మీరు తిప్పుతుంటే ఫ్రెండు బానెట్ ఎత్తి స్ట్రట్ పైభాగం మీద అరచెయ్యి పెడితే ఆ కుదుపు చేతికి తెలుస్తుంది. ఇంజన్ ఆన్‌లో ఉంటుంది కాబట్టి ఫ్యాను, బెల్టు దరిదాపులకి చెయ్యి పోకూడదు. చున్నీలు, వేలాడే ఇయర్‌ఫోన్లు కూడా తీసేయాలి.

సస్పెన్షన్ కాకపోయినా ఆ పేరుతో బిల్లు పడేవి మూడు. ఒకటి, గతుకుల రోడ్డు మీద కటకట. ఆ రోడ్డు మీదే బ్రేక్ పెడల్‌ని తేలిగ్గా తాకి ఉంచండి. చప్పుడు ఆగిపోతే అది బ్రేక్ ప్యాడ్లు, కాలిపర్ పిన్నుల లూజు. రెండు, ఫుల్‌గా స్టీరింగ్ తిప్పి ముందుకి లాగితే టిక్ టిక్ టిక్. అది యాక్సిల్ చివరి సీవీ జాయింటు. మూడు, స్పీడుతో పాటు పెరిగే ఊఁ అనే మూలుగు. గేర్ న్యూట్రల్ చేసినా తగ్గకపోతే చక్రం బేరింగో, అడ్డదిడ్డంగా అరిగిన టైరో. డాంబర్ రోడ్డు నుంచి సీసీ రోడ్డుకి మారగానే స్వరం మారితే టైరు మీదే అనుమానం. ఖాళీ రోడ్డు మీద మెల్లగా ఎడమకి మళ్లిస్తే మూలుగు పెరిగి, కుడికి మళ్లిస్తే తగ్గితే కుడి వైపు బేరింగ్. ఎడమకి తిరిగినప్పుడు బరువంతా కుడి చక్రం మీద పడుతుంది కదా.

చప్పుడు చేయని ముక్క

మొన్న దసరాకి సూర్యాపేట వెళ్లినప్పుడు మా బావ హ్యాచ్‌బ్యాక్‌ది ఇదే పంచాయితీ. ఎడమ వైపు నుంచి టక టక. అంతకుముందే ఒక సర్వీస్ సెంటర్‌లో చూపించాడు. నాలుగు షాకర్లు, రెండు మౌంట్లు, రెండు లోయర్ ఆర్మ్‌లు, మొత్తం కలిపి 31 వేలు అని కాగితం చేతిలో పెట్టారు. బండి ఈఎంఐ, ఇంటి అద్దె కలిపినా అంత కాదు. ఆ కాగితం డాష్‌బోర్డులో పడేసి బావ ఇంక దాని ఊసెత్తడం మానేశాడు. "ఏం గాదు లేరా, పాటలు పెడితే ఇనబడదు" అన్నాడు. అక్కకి ఏడో నెల. ప్రతి పదిహేను రోజులకీ ఆ కారులోనే హైదరాబాద్ తీసుకెళ్తున్నాడు చెకప్‌కి.

"బావా, ఒక గంట టైమియ్యి" అని బండి తీశాను. నిటారుగా, ఐమూలగా రెండుసార్లు బ్రేకర్ దాటగానే లింక్ రాడ్ అని అనుమానం. ఊళ్లోనే ఒక చిన్న షెడ్డుకి తీసుకెళ్లాం. ఆ మెకానిక్ చేసింది నాకు భలే నచ్చింది. రెండు లింక్ రాడ్ల నట్లూ విప్పి, కడ్డీ దేనికీ తగలకుండా కట్టేసి, షెడ్డు ముందున్న గతుకుల మీద నడిచే స్పీడులో ఒక రౌండు తిప్పాడు. చప్పుడు మాయం. మేమైతే దీన్ని కోడ్‌లో ఒక మాడ్యూల్ ఆపేసి చూడటం అంటాం. ఆయన దానికి పేరేం పెట్టలేదు. (మీరు ఇంట్లో చేయకండి, ఆ కడ్డీ పని చేయకపోతే మలుపులో బండి బాగా ఒరుగుతుంది.)

అక్కడితో అయిపోయిందనుకుని బావ జేబులో చెయ్యి పెట్టాడు. మెకానిక్ "ఆగు తమ్మీ" అని ముందు చక్రాలు రెండూ జాకీ మీద లేపి, ఒక్కొక్కదాన్నీ పట్టుకుని ఊపాడు. ఎడమది గట్టిగా ఉంది. కుడి చక్రం కింద నుంచి కదిలింది. ఏ చప్పుడూ చేయని కుడి వైపు బాల్ జాయింటు అరిగిపోయి ఉంది. నాలుగు షాకర్లూ బాగానే ఉన్నాయి, మౌంట్లూ బాగానే ఉన్నాయి. ఆ మోడల్‌లో బాల్ జాయింటు విడిగా రాదు, లోయర్ ఆర్మ్‌తోనే వస్తుంది. లింక్ రాడ్లు రెండు, కుడి వైపు ఆర్మ్ ఒకటి, అలైన్‌మెంటు. ఎస్టిమేట్‌లో నాలుగో వంతు కూడా కాలేదు.

అంటే ఆ 31 వేల కాగితంలో అవసరమైన లైను కూడా ఒకటుంది. మిగతా లైన్ల బరువుకి భయపడి బావ దాన్ని కూడా పక్కన పడేశాడు. అన్నీ మార్చమనేవాళ్లతో నాకున్న అసలు గొడవ డబ్బు గురించి కాదు, ఇదీ.

ఏది ఆగదు, ఏది ఆగుతుంది

లింక్ రాడ్ చప్పుడుతో నెల రోజులు తిరిగినా చెవులకి నొప్పి తప్ప పెద్ద ప్రమాదం ఉండదు. బాల్ జాయింటు అలా కాదు. అది పూర్తిగా ఊడితే చక్రం పక్కకి ఒరిగిపోతుంది, స్టీరింగ్ చేతిలో ఉన్నా లేనట్టే. టై రాడ్ ఎండ్ కూడా అదే కోవ. స్ప్రింగ్ విరిగినా బండి తీయకూడదు. విరిగిన మొన టైరుని కోసేయగలదు. గట్టిగా ఠంగ్‌మని ఒక్కసారి వచ్చి, ఆ తర్వాత కారు ఒక మూల కిందికి దిగినట్టు కనిపిస్తే అదేనేమో చూసుకోండి. స్టీరింగ్ ఉన్నట్టుండి వదులైతే, బండి ఒక పక్కకి లాగేస్తుంటే, చక్రం ఊగుతున్నట్టుంటే టెస్టులు కూడా వద్దు. టోయింగ్‌కి ఫోన్ చేయండి.

చక్రం ఊపి చూసే టెస్టు మీరూ చేయొచ్చు, పద్ధతిగా చేస్తే. చదునైన నేల, హ్యాండ్ బ్రేక్, గేరు, వెనక చక్రాలకి అడ్డంగా రాళ్లు. జాకీతో ఒక ముందు చక్రం లేపాలి. గడియారంలో 12, 6 ఉండే చోట్ల రెండు చేతులూ పెట్టి లోపలికీ బయటికీ ఊపండి. కదిలితే బేరింగో, బాల్ జాయింటో. ఫ్రెండుని బ్రేక్ గట్టిగా తొక్కమని మళ్లీ ఊపండి. కదలిక పోతే బేరింగ్, పోకపోతే బాల్ జాయింటు వైపు చూడాలి. తర్వాత 9, 3 దగ్గర పట్టుకుని ఊపండి. అక్కడ మాత్రమే ఆడుతుంటే టై రాడ్ ఎండ్, ర్యాక్ ఎండ్. ఒకటే షరతు, కేవలం జాకీ మీద నిలబడ్డ కారు కిందికి తల కాదు కదా, చెయ్యి కూడా పెట్టొద్దు. ఇటుకలు పేర్చి స్టాండు అనుకోవద్దు. ఇటుక చెప్పి విరగదు.

షెడ్డులో అడగాల్సినవి కొన్ని. పాత ముక్క చేతికివ్వమనండి. లింక్ రాడ్ జాయింటు వేళ్లతో తిప్పితే బిగుతుగా ఉండాలి, లొడలొడ తిరిగితే అది నిజంగా పోయిందన్నమాట. షాకర్లు మారిస్తే ముందువి రెండూ, లేదా వెనకవి రెండూ జతగా. ఆర్మ్, స్ట్రట్, టై రాడ్ ఎండ్ ఏది విప్పినా తర్వాత అలైన్‌మెంటు తప్పదు, లేకపోతే కొత్త టైరు ఒక పక్క అరిగిపోతుంది.

ఇంకోటి, దీన్ని చాలా చోట్ల పట్టించుకోరు. లోయర్ ఆర్మ్ బుష్ బోల్టుని చివరి బిగింపు బిగించేటప్పుడు చక్రం గాల్లో వేలాడుతూ ఉండకూడదు. కారు బరువు చక్రాల మీద ఉన్నప్పుడు ఆర్మ్ ఏ కోణంలో ఉంటుందో ఆ కోణంలోనే బిగించాలి. ఎందుకంటే ఆ రబ్బరు మధ్యలోని ఇనప గొట్టానికి అతుక్కుని ఉంటుంది, బోల్టు బిగించిన చోటే దానికి మామూలు స్థితి. వేలాడుతుండగా బిగిస్తే కారు కిందికి దించగానే రబ్బరు మెలి పడి, ఇరవై నాలుగు గంటలూ ఆ మెలికలోనే ఉంటుంది. కొత్త బుష్ తొందరగా చిరిగిపోతుంది. అప్పుడు పార్టు మంచిది కాదని కంపెనీని తిడతాం. "అన్నా, ఫైనల్ టైట్ కిందికి దించినాక చెయ్" అంటే చాలు. ఆయన మీ వైపు ఒకసారి కొత్తగా చూస్తాడు, చూడనివ్వండి.

చివరగా ఒక పాఠకురాలి ప్రశ్న. "గతుకుల మీద కిర్రు కిర్రుమనే సౌండ్ వాన పడ్డ రోజు రాదు, ఎండ రాగానే మళ్లీ వస్తుంది. బాగైనట్టా, కానట్టా?" కానట్టేనండీ. ఎండిపోయిన రబ్బరు బుష్ లోహానికి రాసుకుంటే వచ్చే కిర్రు అది. నీళ్లు తగిలితే జారుతుంది కాబట్టి సైలెంట్ అవుతుంది. ఇది మీకు తేలిక టెస్టు కూడా. సీసాతో నీళ్లు ఒక్కో బుష్ మీదా విడివిడిగా పోసి, ఒక్కోసారి కారు మూల నొక్కి చూడండి. దేని మీద పోస్తే కిర్రు ఆగిందో అదే. అక్కడ ఇంజన్ ఆయిలూ, మామూలు గ్రీజూ రాయకండి, రబ్బరు ఉబ్బిపోతుంది. సిలికాన్ స్ప్రే కొడితే కొన్నాళ్లు నడుస్తుంది. కొట్టే ముందు టార్చి వేసి రబ్బరు మీద పగుళ్లున్నాయేమో చూడండి, లోతుగా ఉంటే స్ప్రే డబ్బులు దాచుకుని బుష్ మార్పించుకోండి. స్ప్రే బ్రేక్ డిస్కు మీద మాత్రం పడనీయొద్దు.